ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేనట్టేనా?

అడిగింది ఒక అక్క. తమ్ముడికి 18 ఏళ్లు. మూడు వారాల క్రితం ఉదయం ఆరున్నరకు స్నానాల గదిలో దబ్బున పడ్డ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఒళ్లంతా బిగుసుకుపోయి ఉన్నాడు, ఆ వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. తర్వాత గురక పెడుతూ ఉండిపోయాడు. ఇరవై నిమిషాల దాకా అక్కను గుర్తుపట్టలేదు. నాలుక పక్కన తెగింది. ముందు రోజు పరీక్షకు చదువుతూ రాత్రి రెండింటి దాకా మేలుకున్నాడు. ఎంఆర్ఐ, ఈఈజీ రెండూ నార్మల్ వచ్చాయి. ఒక డాక్టరు ఇది మూర్ఛ, మందు మొదలుపెట్టాలి అన్నారు. మరొకరు రిపోర్టులు బాగున్నాయి కదా, నీరసంతో పడి ఉంటాడు అన్నారు. ఎవరి మాట వినాలి, మందు వేయాలా వద్దా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ఆ రెండు రిపోర్టుల్లో మీ ప్రశ్నకు జవాబు లేదు. సగం జవాబు మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే ఉంది. మిగతా సగం మీ తమ్ముణ్ణి ఇంతవరకు ఎవరూ అడగని ఒక ప్రశ్నలో ఉందని నా అనుమానం. దాని దగ్గరికి వస్తాను. ఇరవై ఆరేళ్లుగా మెదడు, నరాల జబ్బులు చూస్తున్నాను. స్పృహ తప్పి పడిపోయిన మనిషి విషయంలో యంత్రాలు చెప్పినదాని కంటే, ఆ రెండు నిమిషాలు పక్కనే ఉండి చూసిన మనిషి చెప్పిందే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ముందు ఈఈజీ సంగతి. మెదడు కణాలు ఒకదానితో ఒకటి విద్యుత్తుతో మాట్లాడుకుంటాయి. ఆ విద్యుత్తును మనిషి తల మీద నుంచి మొదటిసారి నమోదు చేసినవాడు జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్. 1924లో చేశాడు, 1929లో ప్రకటించాడు. వందేళ్లు గడిచినా మూలసూత్రం అదే, దాని పరిమితులూ అవే. తల మీద అంటించే వైర్లకూ మెదడుకూ మధ్య చర్మం, ఎముక, పొరలు, ద్రవం ఉన్నాయి. లోపల ఎక్కడో చిన్నచోట పుట్టే అలజడి పైదాకా రాకపోవచ్చు. పైగా మామూలు ఈఈజీ తీసేది ఇరవై, ముప్ఫై నిమిషాలు. మూర్ఛ ఉన్న మెదడు కూడా ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య చాలాసేపు ప్రశాంతంగానే ఉంటుంది. అరగంట ఆకాశం వైపు చూసి, మెరుపు కనబడలేదు గనుక ఈ ఏడాది పిడుగులు పడవని చెప్పలేం కదా.

మూర్ఛ ఉందని ఖాయంగా తెలిసినవారిలో సైతం మొదటి ఈఈజీలో తేడా కనబడేది సుమారు సగం మందిలోనే. మళ్లీ మళ్లీ తీస్తే, నిద్రలో కూడా తీస్తే అది 80 శాతం దాకా పెరుగుతుంది. మిగిలినవారికి ఎన్నిసార్లు తీసినా నార్మలే. దీనికి రెండో వైపు కూడా ఉంది. జన్మలో ఒక్క ఫిట్ కూడా రాని ఆరోగ్యవంతుల్లో కొద్దిమందికి ఈఈజీలో మూర్ఛ తరంగాలు కనిపిస్తాయి. అలాంటి మనిషి ఎప్పుడో ఎండలో నిలబడి సొమ్మసిల్లి, తర్వాత ఈఈజీ తీయించుకుంటే ఏమవుతుందో ఊహించండి. లేని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్రలు మింగినవారిని చూశాను. వారి మందు ఆపడానికి పట్టిన శ్రమ, మొదలుపెట్టడానికి పట్టలేదు. అందుకే ఈఈజీ ఒక్కటే చూసి మూర్ఛ ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. మూర్ఛ అని కథను బట్టి తేలాక, అది ఏ రకమో చెప్పడంలో మాత్రం ఈఈజీకి సాటి లేదు.

మీ తమ్ముడికి తీసింది మధ్యాహ్నం, బాగా నిద్రపోయి వచ్చిన రోజున అని రాశారు. మళ్లీ తీయించేటప్పుడు ముందు రాత్రి నిద్ర తగ్గించి, ఉదయం పూట, కొంతసేపు నిద్రపోనిచ్చి తీయమని అడగండి. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీయించడం, కళ్ల ముందు లైటు మిణుకు మిణుకుమనిపించడం కూడా అందులో ఉండాలి. నిద్ర తగ్గించడం డాక్టరు చెప్పిన పద్ధతిలోనే, ఇంట్లో ఒకరు తోడుండగా చేయండి. దానివల్లే ఫిట్ రావచ్చు.

ఎంఆర్ఐ చూపించేది మెదడు ఆకారాన్ని. మచ్చ, గడ్డ, పుట్టుకతో వచ్చిన అమరిక లోపం, పాత పక్షవాతం ఆనవాలు, బద్దెపురుగు గుడ్ల వల్ల ఏర్పడిన తిత్తులు, కణతల లోపలి భాగంలో జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ అనే చోటు కుంచించుకుపోవడం వంటివి అందులో తెలుస్తాయి. మీ తమ్ముడికి అవేవీ లేవు. అది నిజంగా మంచి వార్త. కానీ ఈ వయసులో మొదలయ్యే కొన్ని రకాల మూర్ఛల్లో మెదడు ఆకారంలో లోపమే ఉండదు. లోపం కణాల గోడల్లో, వాటి మధ్య నడిచే సంకేతాల్లో ఉంటుంది. అది ఫొటోలో పడదు. అలాంటి మూర్ఛలో ఎంఆర్ఐ నార్మల్‌గా రావడమే మేము ఎదురుచూసేది.

ఇక అసలు విషయం, మీరు చూసినది. నా దగ్గరికి ఇలాంటివారు వస్తే, రిపోర్టుల కవరు పక్కన పెట్టి, చూసినవారిని ముందు కూర్చోమంటాను. ఏం జరిగిందో చెప్పడం కాదు, చేసి చూపించమంటాను. చాలామంది మొహమాటపడతారు. ఒక తల్లి మాత్రం లేచి నిలబడి, తల ఎడమ పక్కకు మెల్లగా తిప్పి, ఎడమ చేయి పైకి లేపి బిగించి, నోరు ఒక మూలకు లాగి చూపించింది. అంతవరకు ఆ అబ్బాయి కాగితాల్లో 'ఒళ్లంతా ఫిట్స్' అనే ఉంది. ఆ తల్లి చూపించిన పది సెకన్లతో అది కుడివైపు మెదడు ముందు భాగంలో మొదలవుతోందని అర్థమైంది. ఎంఆర్ఐని ఆ చోటు మీద దృష్టి పెట్టి మళ్లీ చదివిస్తే, మొదటిసారి కంటికి ఆనని చిన్న మచ్చ కనిపించింది. స్కానింగులు లేని 19వ శతాబ్దంలోనే లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు ఇదే చేశాడు. బొటనవేలి దగ్గర మొదలై చేయంతా, తర్వాత ముఖానికి పాకే కుదుపులను చూసి, శరీరంలోని భాగాలకు మెదడు మీద ఒక వరుస ఉండి తీరాలని తేల్చాడు. చూసిన మనిషి సాక్ష్యానికి ఉన్న బలం అంతటిది.

మూడు రకాలుగా మనిషి అలా పడిపోవచ్చు. ఒకటి సొమ్మసిల్లడం. మెదడుకు కొద్ది సెకన్లు రక్తం చాలకపోవడం వల్ల వస్తుంది. అంతకు ముందు చాలాసేపు నిలబడి ఉండడం, నొప్పి, రక్తం చూడడం, ఉక్క వంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. చూపు మసకబారుతుంది, చెవుల్లో హోరు, చెమటలు, వికారం. ముఖం పాలిపోతుంది. మెత్తగా కూలిపోతారు. అందరూ పొరబడేది ఇక్కడే: సొమ్మసిల్లినవారికి కూడా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. 1994లో జర్మనీ వైద్యులు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను కావాలనే సొమ్మసిల్లేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతానికి కుదుపులు వచ్చాయి. అయితే అవి కొన్నే, క్రమం లేకుండా వస్తాయి. అంతా సాధారణంగా ఇరవై సెకన్లలో ముగుస్తుంది. లేచాక తాము ఎక్కడున్నారో వెంటనే తెలుస్తుంది. కుదుపులు పది లోపే అయితే సొమ్మసిల్లడం వైపు, ఇరవై దాటితే మూర్ఛ వైపు మొగ్గుతాం.

రెండోది మూర్ఛ. మొదట ఒళ్లు కొయ్యబారుతుంది. గొంతులోంచి ఒక వింత కేక వస్తుంది. అది బాధతో వేసే కేక కాదు, ఛాతీ కండరాలు ఒక్కసారిగా బిగిసి గాలి గొంతులోంచి బయటికి తన్నుకు రావడం. మనిషి మొద్దులా పడతాడు. కళ్లు తెరిచి ఉంటాయి, ముఖం నీలంగా మారుతుంది. తర్వాత లయగా కొట్టుకోవడం. మొదట వేగంగా, చివరికి వచ్చేసరికి ఒక్కో కుదుపుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది. ఆ తర్వాత గురక, అయోమయం, మర్నాడు ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. నాలుక పక్కన తెగడం మూర్ఛకు గట్టి గుర్తు. బట్టల్లో మూత్రం పడడం మాత్రం గుర్తు కాదు, సొమ్మసిల్లినా అవుతుంది.

మూడోదాని గురించి మాట్లాడడానికి చాలామంది వెనకాడతారు. చూడడానికి ఫిట్‌లాగే ఉంటుంది, మెదడులో మూర్ఛ తరంగం ఉండదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉంటాయి, తల అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కువవుతూ తగ్గుతూ చాలాసేపు సాగుతుంది. దీన్ని నటన అనుకోవడం పెద్ద అన్యాయం. అది ఆ మనిషి చేతిలో లేని, నిజమైన జబ్బు. దానికి మానసిక చికిత్స పనిచేస్తుంది, మూర్ఛ మాత్రలు పనిచేయవు.

మీరు రాసింది వీటిలో దేనికి సరిపోతుందో మీకే తెలిసిపోయి ఉంటుంది. బిగుసుకోవడం, కొట్టుకోవడం, గురక, ఇరవై నిమిషాల అయోమయం, నాలుక పక్కన గాయం. సొమ్మసిల్లిన మనిషి ఇరవై నిమిషాలు అక్కను మరిచిపోడు. రెండో డాక్టరును తప్పుపట్టను, ఆయన ముందుకు ఈ వివరాలు వచ్చాయో లేదో నాకు తెలియదు. ఇవి తెలిస్తే మాత్రం నీరసం అనే మాట వాడలేం.

ఒక పరీక్ష మీ కాగితాల్లో లేదు: ఈసీజీ, అంటే గుండె విద్యుత్తును నమోదు చేసే పరీక్ష. ఐదు నిమిషాల పని. మొదటిసారి స్పృహ తప్పిన ప్రతి మనిషికీ అది తీసి తీరాలి. గుండె లయ తప్పినా మెదడుకు రక్తం ఆగి అచ్చం ఫిట్‌లాగే కనబడుతుంది. ఈసీజీలో క్యూటీ వ్యవధి అనే కొలత పొడుగ్గా ఉండే పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉన్న పిల్లలకు మూర్ఛ అని మందులిస్తూ పోతే, అసలు జబ్బు ప్రాణం మీదికి తెస్తుంది. పరుగెత్తుతుండగా పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా ఇది మరీ ముఖ్యం. రేపే తీయించండి.

ఇప్పుడు ఆ అడగని ప్రశ్న. పద్దెనిమిదేళ్లు, పొద్దున లేచిన కాసేపటికి, ముందు రాత్రి నిద్ర లేదు. ఈ మూడూ ఒకచోట కలిస్తే నాకు ఒక అమ్మాయి గుర్తొస్తుంది. నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏళ్లలో పదిహేడేళ్ల అమ్మాయి ఒకే ఒక్క పెద్ద ఫిట్‌తో వచ్చింది. ఈఈజీ నార్మల్, స్కాన్ నార్మల్. ఫిట్ వచ్చింది కదా అని కార్బమజెపైన్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టాను. నెల తర్వాత ముఖం వేలాడేసుకుని వచ్చింది. వాళ్లమ్మ మందు గురించి కాక వేరే విషయం చెప్పింది: 'రోజూ పొద్దున్నే చేతిలోంచి బ్రష్షు ఎగిరి పడుతోంది డాక్టరుగారూ, గ్లాసు పట్టుకుంటే నీళ్లు మీద ఒలకబోసుకుంటోంది. ఏడాదిగా ఉన్నదే, ఇప్పుడు మరీ ఎక్కువైంది. ఎంత చెప్పినా జాగ్రత్త లేదు.' ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. ఏడాది పాటు ఇంట్లో, బడిలో అజాగ్రత్త మనిషి అనిపించుకుంది. ఆ చేతులు తన మాట వినడం లేదని చెప్పుకోవడానికి ఆమె దగ్గర మాటలు లేవు. నేను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేది. నేను అడగలేదు. నేనిచ్చిన మందే ఆ కుదుపులను పెంచింది. ఆ రోజు నుంచి ఫిట్ వచ్చిన ఏ కుర్రవాణ్ణీ, ఏ అమ్మాయినీ ఈ ప్రశ్న అడగకుండా బయటికి పంపలేదు.

దాని పేరు జూవెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య బయటపడుతుంది. నిద్ర లేచిన అరగంట, గంటలో చేతుల్లో, భుజాల్లో కరెంటు షాక్ తగిలినట్టు చటుక్కున కుదుపులు. స్పృహ తప్పదు. అందుకే ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు. నెలల తర్వాత, నిద్ర చెడిన ఒక పొద్దున పెద్ద ఫిట్ వస్తుంది. తెలివితేటలకు లోటు ఉండదు, ఎంఆర్ఐలో ఏమీ ఉండదు. నిద్ర లేమి, మద్యం దీన్ని రెచ్చగొడతాయి, కొందరికి మినుకుమినుకుమనే వెలుతురు కూడా. మందు ఎంపికలో పొరపాటు జరిగితే ఎక్కువవుతుంది: కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్ వంటివి దీన్ని పెంచగలవు. వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది. కానీ తల్లి కాగల వయసు ఆడవారికి దాన్ని వీలైనంత వరకు ఇవ్వం. గర్భంలో ఆ మందుకు గురైన బిడ్డల్లో సుమారు 10 శాతానికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతానికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. తండ్రి కాగల మగవారి విషయంలో కూడా 2024లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ముందుజాగ్రత్తలు సూచించింది. మీ తమ్ముడికి ఈ మందు రాస్తే ఆ మాట ఎత్తి చర్చించండి. లెవెటిరాసెటామ్ మంచి ప్రత్యామ్నాయం. అయితే కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. మనిషి స్వభావం మారినట్టు అనిపిస్తే మీ తమ్ముణ్ణి తిట్టకండి, డాక్టరుకు చెప్పండి.

మందు ఇప్పుడే మొదలుపెట్టాలా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. పొద్దున కుదుపులు ఉన్నాయని తేలితే, మీరు చూసిన ఫిట్ మొదటిది కాదు, ఎన్నోదో లెక్కలేదు. అప్పుడు మూర్ఛ అని ఖాయం చేసి మందు ఇవ్వాల్సిందే. కుదుపులు లేవు, నిద్రలో తీసిన ఈఈజీ కూడా నార్మల్ అయితే, అప్పటికి దాన్ని మూర్ఛ జబ్బు అనం, ఒకే ఒక్క ఫిట్ అంటాం. అలాంటివారిలో రెండేళ్ల లోపు మళ్లీ వచ్చే అవకాశం 21 నుంచి 45 శాతం. వెంటనే మందు ఇస్తే ఆ రెండేళ్లలో ఫిట్స్ తగ్గుతాయి గానీ, దీర్ఘకాలంలో జబ్బు నయమయ్యే అవకాశం మీద తేడా పడదని 2005లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. అంటే ఆగి చూడడం వల్ల మెదడుకు ఏదో చెడిపోతుందని భయపడనక్కర లేదు. అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘం 2014లో గీసిన గీత ఇది: కనీసం 24 గంటల ఎడంతో కారణం లేకుండా రెండు ఫిట్స్ వచ్చినా, ఒక్కటే వచ్చి పదేళ్లలో మళ్లీ వచ్చే ముప్పు కనీసం 60 శాతం ఉన్నా మూర్ఛ అంటాం. ఫలానా రకం మూర్ఛ అని లక్షణాలను బట్టి తేలినా అంతే.

మందు మొదలుపెడితే ఒకటే మందు, తక్కువ మోతాదు, మెల్లగా పెంచడం. మొదటి మందుతోనే సుమారు సగం మందికి ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. సరైన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే, మూడోది, నాలుగోది మార్చుకుంటూ ఏళ్లు గడపకూడదు. మూర్ఛ శస్త్రచికిత్స చేసే కేంద్రానికి వెళ్లాలి. కణత భాగంలో మొదలయ్యే మూర్ఛకు 2001లో 80 మందితో చేసిన అధ్యయనంలో, స్పృహను దెబ్బతీసే ఫిట్స్ ఏడాదికి పూర్తిగా ఆగినవారు శస్త్రచికిత్స వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. మీ తమ్ముడికి ఆ అవసరం రాకపోవచ్చు. ఇది చదివే మరొకరికి పనికొస్తుందని రాశాను. మందు ఏదైనా ఒక్కసారిగా ఆపకూడదు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం అదే రోజు డాక్టరును కలవాలి, ముఖ్యంగా లామోట్రిజిన్, కార్బమజెపైన్ వాడేవారు.

మళ్లీ ఫిట్ వస్తే చేయాల్సింది తక్కువే. పదునైన వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏదీ పెట్టకండి. నాలుక మింగేయడం అనేది జరగదు. విరిగిన పళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవడం మాత్రం జరుగుతుంది. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకముందే రెండోది మొదలైతే అంబులెన్స్ పిలవాలి. ఇంకొకరు పక్కన ఉంటే ఫోనులో వీడియో తీయమనండి, ముఖం, కళ్లు, రెండు చేతులూ కనబడేలా. ఆ వీడియో నాకు పది ఈఈజీలతో సమానం.

తేలేవరకు స్నానాల గది గడియ పెట్టకూడదు. ఒంటరిగా ఈత వద్దు, ఎత్తులు ఎక్కవద్దు, బండి నడపవద్దు. నిద్ర విషయంలో రాజీ వద్దు, పరీక్షలున్నా సరే. మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏటా సుమారు వెయ్యికి ఒకరు హఠాత్తుగా చనిపోతారు. ఎక్కువగా రాత్రిపూట, ఒళ్లంతా వచ్చే ఫిట్స్ అదుపులో లేనివారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మందు మొదలయ్యాక ఒక రోజు మాత్ర మానేస్తే ఏమవుతుందిలే అని మీ తమ్ముడు అంటాడు, ఆ వయసులో అందరూ అంటారు. అప్పుడు అతనితో ఈ మాట నెమ్మదిగా చెప్పగలగాలి.

ఈ రాత్రే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నీకు పొద్దున లేవగానే చేతులు ఎప్పుడైనా ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయా అని. బ్రష్షు, దువ్వెన, ఫోను చేతిలోంచి జారిపోయాయా అని. వెంటనే లేదంటాడు. ఒకటి రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి, పొద్దున పూట మీరూ గమనించండి. అవునన్నా కాదన్నా ఆ మాటను, మీరు నాకు రాసిన నాలుగు వాక్యాలను ఒక కాగితం మీద రాసి, డాక్టరు ముందు రిపోర్టుల కంటే ముందు దాన్ని పెట్టండి.